నాన్న అచ్చు, నా ఆఫ్‌సెట్: ఒక్క పువ్వుతో గుడ్డంతా నింపడం

బందరులో మాది చిన్న డీటీపీ షాపు. పెళ్ళి కార్డులు, ఫ్లెక్సీలు, బిల్లు పుస్తకాలు, ఎన్నికలొస్తే కరపత్రాలు. మా నాన్న పెడనలో నలభై ఏళ్ళు కలంకారీ అద్దకం పని చేశారు, చెక్క అచ్చుతో గుడ్డ మీద బొమ్మలు అద్దే పని. భుజం పట్టేసి మానేశారు కానీ అచ్చులు ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉన్నాయి. టేకు చెక్క అచ్చులు, పాత పంచెల్లో చుట్టి పెట్టారు. మూడేళ్ళ క్రితం ఒకాయన గృహప్రవేశానికి రిటర్న్ గిఫ్టు సంచులు కావాలని వచ్చారు. ఆ పెట్టెలోంచి ఒక పువ్వు అచ్చు తీసి, గుడ్డ మీద అద్దించి, ఫొటో తీసి, దాన్నే కంప్యూటర్లో గుడ్డంతా పరిచి డిజిటల్ ప్రింటు వేయిద్దాం అనుకున్నాను. రెండు గంటల పని అనుకున్నా. 150 సంచులు పోయాయి.

ఏం జరిగిందంటే, నేను ఫొటోలోంచి ఒక చదరం ముక్క కత్తిరించి, ఫొటోషాప్‌లో ఎడిట్ మెనూలో డిఫైన్ ప్యాటర్న్ కొట్టి, పెద్ద కాన్వాస్ మీద పరిచేశాను. స్క్రీన్ మీద బాగానే ఉంది. ప్రింటయి వచ్చిన గుడ్డ టేబుల్ మీద పరిస్తే, ప్రతి పువ్వు చుట్టూ ఒక గడి. ఒక పక్క లేత, ఒక పక్క కాస్త ముదురు. ఫొటో తీసినప్పుడు కిటికీ ఎడమ వైపు ఉంది, అంతే సంగతి. ఆ వెలుగు తేడా ఫొటోలో కనపడదు, కానీ ముదురు అంచు వెళ్ళి లేత అంచుని ఆనుకునేసరికి గీత పడుతుంది. ఆయన సంచి తిరగేసి చూసి, "పూల సంచి అడిగితే గళ్ళ లుంగీ ఇచ్చావేంటమ్మా" అన్నారు. తప్పు నాదే, సగం డబ్బు వెనక్కిచ్చాను. మిగిలిన సంచుల్లో ఇప్పటికీ మా ఇంట్లో ఉల్లిపాయలు పోస్తున్నాం.

ఆ తర్వాత ఈ పని కుదురుగా నేర్చుకున్నాను. ఇప్పుడు నేను చేసే పద్ధతి చెబుతాను. నా దగ్గర ఫొటోషాప్ ఉంది, ఇంట్లో ల్యాప్‌టాప్‌లో అలాంటిదే, ఉచితంగా దొరికే గింప్ (GIMP) ఉంది. రెండింటిలోనూ ఇదంతా అవుతుంది. మెనూలు వేరుగా ఉన్నచోట రెండూ చెబుతాను.

ముందు ముగ్గు గురించి

మనం చేసేది ఒక చదరం ముక్క. నేల మీద వేసే టైలు లాంటిది, అందుకే నేనూ టైలనే అంటాను. దాని కుడి అంచు దాని ఎడమ అంచుకే అతకాలి, పై అంచు కింది అంచుకే అతకాలి. అతుకు ఎక్కడుందో వెతికినా దొరక్కూడదు.

రెండో సంగతి పువ్వులు ఎలా నిలబడాలన్నది. చుక్కల ముగ్గు వేసిన వాళ్ళకి దీన్ని వేరే చెప్పక్కర్లేదు. సరి చుక్కల్లో ఒక చుక్క కింద ఇంకో చుక్క తిన్నగా వస్తుంది. సందు చుక్కల్లో రెండు చుక్కల సందులో కింది చుక్క పడుతుంది. బట్టల డిజైన్ వాళ్ళు ఫుల్ డ్రాప్, హాఫ్ డ్రాప్ అనేది దాదాపు ఇదే. సరి చుక్కలో పరిస్తే పెట్టె మీద పెట్టె పేర్చినట్టు ఉంటుంది, కన్ను ముందు వరసల్ని చూసి తర్వాత పువ్వుని చూస్తుంది. సందు చుక్కలో పరిస్తే పువ్వులే కనపడతాయి. గుడ్డ మీదికి నేను ఎప్పుడూ సందు చుక్కే వాడతాను. చిన్న చుక్కలు, గీతల డిజైన్లయితే సరి చుక్క పర్వాలేదు.

ఇంజనీరింగ్ చదువుతున్న మా అబ్బాయి ఒకసారి చెప్పాడు, ఒక బొమ్మని తిప్పి, బోర్లించి, జరిపి అన్ని వైపులా పరిచే పద్ధతులు లెక్కేస్తే మొత్తం 17 రకాలేనట, ఫెదొరొవ్ అనే రష్యా ఆయన 1891లోనే నిరూపించాడట. నాన్న వేళ్ళ మీద ఏవో లెక్కపెట్టుకుని, "మా మేస్త్రికి అన్ని రావు, ఆరేడు వచ్చు" అన్నారు. మనకి రెండు చాలు.

ఫొటో

పని సగం ఇక్కడే తేలిపోతుంది. అచ్చుని ఫొటో తీయకండి, అద్దిన గుడ్డని తీయండి. అచ్చు మీద బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. అచ్చు తప్ప ఇంకేం లేకపోతే తీసుకుని, తర్వాత అడ్డంగా ఫ్లిప్ చేయండి. కానీ రంగు గుడ్డలోకి దిగినప్పుడు వచ్చే అందం చెక్క ఫొటోలో రాదు.

ఒక్క పువ్వు కాకుండా ఎనిమిది పువ్వులు అద్దించుకోండి. ఎందుకో తర్వాత తెలుస్తుంది. నాన్న భుజం నొప్పితోనే అద్దారు, ఎనిమిదికి రెండు మూడు నిమిషాలు కూడా పట్టలేదు. అచ్చుని రంగులో ముంచి, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో వెనక ఒక్క గుద్దు. ఎనిమిదింటిలో ఏ రెండూ ఒకేలా రాలేదు. ఒకదానికి ఒక రెక్క లేతగా పడింది, ఒకదానికి తొడిమ దగ్గర రంగు కాస్త పాకింది.

గుడ్డ ఇస్త్రీ చేసి, ఎండ నేరుగా పడని వసారాలో బల్ల మీద పరిచాను. ఫోనుని మరీ దగ్గర పెట్టకండి, అంచులు వంగుతాయి. కాస్త ఎత్తులో పెట్టి 2ఎక్స్ జూమ్ చేయండి. నేను ఎత్తు స్టూలు అంచున ఫోను కెమెరా బయటికి వచ్చేలా పెట్టి, కదలకుండా దాని మీద ఒక లావుపాటి పుస్తకం పెట్టి, టైమర్‌తో తీశాను. గుడ్డ పక్కన ఒక స్కేలు కూడా ఫొటోలో పడనివ్వండి, తర్వాత కొలత తెలియడానికి.

నా గళ్ళ లుంగీకి మందు ఇదిగో. గుడ్డ ఫొటో తీశాక, ఫోను కదపకుండా, అదే చోట తెల్ల డ్రాయింగ్ షీటు పరిచి ఇంకో ఫొటో తీయండి. రెండు ఫొటోలకీ వెలుగు మారకుండా ముందే స్క్రీన్ మీద వేలు నొక్కి పట్టుకుని ఎక్స్‌పోజర్ లాక్ చేసుకోండి. కాగితం మరీ తెల్లగా వెలిగిపోకూడదు, లేత బూడిద రంగులో పడినా మంచిదే. ఈ రెండో ఫొటోలో ఉన్నది ఉత్త వెలుగు. ఏ మూల ఎంత ముదురు, ఏ మూల ఎంత లేత అన్నది అందులో ఉంటుంది.

ఇప్పుడు గుడ్డ ఫొటో తెరిచి, దాని మీద కాగితం ఫొటోని ఇంకో లేయర్‌గా, అంటే పైపొరగా, పెట్టండి. కాగితం లేయర్‌కి గాసియన్ బ్లర్ (బొమ్మని మసక చేసే ఫిల్టర్) 50 పిక్సెల్స్ ఇవ్వండి, కాగితం గరుకు పోవడానికి. తర్వాత ఆ లేయర్ మోడ్‌ని డివైడ్‌కి మార్చండి. కింద గుడ్డ మీద ఉన్న నీడ మాయమై వెలుగు అంతటా ఒకేలా అవుతుంది. మొదటిసారి ఇది చూసినప్పుడు నాకు ఆ 150 సంచులు గుర్తొచ్చి కడుపు మండింది. ఇది ఎప్పుడూ ఫొటోని తిప్పక ముందే, కత్తిరించక ముందే చేయాలి, లేకపోతే రెండు ఫొటోలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు. అయ్యాక లేయర్లు రెండూ కలిపేయండి.

తర్వాత వంకర తీయడం. ఫొటోషాప్‌లో పర్‌స్పెక్టివ్ క్రాప్, గింప్‌లో పర్‌స్పెక్టివ్ టూల్. గుడ్డలో పడుగు పేక దారాలే మీకు గళ్ళు, వాటిని చూసి నిలువు, అడ్డం సరిచేయండి.

గుడ్డ మీదికా, కాగితం మీదికా?

ఈ ప్రశ్న ముందే వేసుకోవాలి. గుడ్డ మీద ప్రింటు వేసేటప్పుడు నేత కనిపించే ఫొటోని వేస్తే, గుడ్డ మీద గుడ్డ బొమ్మ వేసినట్టే. మొదటిసారి నేను చేసిన రెండో తెలివితక్కువ పని అది. సంచి కోరా గుడ్డకి దాని నేత దానికి ఉంది, మనం పువ్వు మాత్రం ఇస్తే చాలు. లెవెల్స్ తెరిచి, తెల్ల డ్రాపర్‌తో ఖాళీ గుడ్డ మీద క్లిక్ చేయండి. గుడ్డ తెల్లబడిపోతుంది, పువ్వు నిలుస్తుంది. రెక్కల లేత భాగాలు కూడా ఎగిరిపోతుంటే డ్రాపర్‌ని కాస్త లేత చోట పెట్టి చూడండి. మిగిలిన దారపు మచ్చలు చిన్న తెల్ల బ్రష్‌తో తుడిచేయండి.

అదే పెళ్ళి కార్డు కవరు లోపలి కాగితానికో, గిఫ్టు కాగితానికో అయితే నేత ఉంటేనే అందం. అప్పుడు పని వేరే రకం, దాని సంగతి కింద చెబుతాను.

టైలు కట్టడం

మా పువ్వు రెండున్నర అంగుళాలు. టైలు 8 అంగుళాల చదరం పెట్టాను. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 2400 పిక్సెల్స్. అంగుళాల లెక్క వదలకండి. ఒకసారి ఒకాయన సరిగ్గా 10 సెంటీమీటర్లు కావాలంటే లెక్కేశాను, 1181.1 పిక్సెల్స్ వచ్చింది. ఆ పాయింటు ఒకటి ఎక్కడికి పోతుంది? నేను తయారైన టైలునే లాగి చిన్నది చేశాను, అంచు పిక్సెల్స్ సగం పారదర్శకం అయిపోయాయి, నున్నటి కవరు కాగితం మీద వెంట్రుకంత తెల్ల గీతలు పడ్డాయి. అప్పటి నుంచీ టైలు కొలత పిక్సెల్స్‌లో సరి సంఖ్యే, నాలుగుతో తెగేది అయితే ఇంకా మంచిది. కొలత మార్చాల్సొస్తే పువ్వు చిన్నది చేసి టైలు మళ్ళీ కడతాను, కట్టిన టైలుని లాగను.

2400 బై 2400 తెల్ల కాన్వాస్ తెరవండి. 600 దగ్గర, 1800 దగ్గర అడ్డంగా రెండు, నిలువుగా రెండు గైడ్ గీతలు పెట్టండి. అవి కలిసే నాలుగు చోట్ల నాలుగు పువ్వులు. ఒక్కో పువ్వుని ఫొటోలోంచి చుట్టూ కాస్త తెలుపు వదిలి చదరంగా కత్తిరించి తెచ్చుకోండి, రెక్కల చుట్టూ కత్తెరతో తిరగక్కర్లేదు. లేయర్ మోడ్ మల్టిప్లై చేస్తే తెలుపు మాయమై పువ్వు మిగులుతుంది. పువ్వు నడిమి గైడ్ గీతల మీద సుమారుగా ఉంటే చాలు. ఒకదాన్ని 8 పిక్సెల్స్ ఎడమకి, ఒకదాన్ని 10 కిందికి జరిపితే ఇంకా బాగుంటుంది, అది ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. చేత్తో అద్దిన గుడ్డలో అంత తేడా ఎప్పుడూ ఉంటుంది. అచ్చు మూలల్లో చిన్న గుర్తులు ఉంటాయి, వాటిని చూసుకుంటూ పక్క అద్దు వేస్తారు, అయినా చెయ్యి చెయ్యే కదా.

నాలుగూ కుదిరాక, తెల్ల కాన్వాస్‌తో సహా అన్నిటినీ కలిపి ఒకటే లేయర్ చేయండి. ఇప్పుడు ఇంకో తెల్ల లేయర్ తీసుకుని, మిగిలిన నాలుగు పువ్వుల్నీ అవే గైడ్ గీతల మీద పెట్టి, అలాగే కలిపేయండి. రెండు లేయర్లయ్యాయి, రెండూ పూర్తి 2400 కొలత. రెండో దాన్నే ఎంచుకుని ఆఫ్‌సెట్ ఇవ్వండి, అంటే బొమ్మని పక్కకీ కిందికీ జరపండి (ఆఫ్‌సెట్ ప్రింటింగు కాదు).

ఫొటోషాప్‌లో ఫిల్టర్ మెనూలో అదర్, అందులో ఆఫ్‌సెట్. అడ్డం 600, నిలువు 600, కింద ర్యాప్ అరౌండ్ ఎంచుకోవాలి. గింప్‌లో లేయర్ మెనూలో ట్రాన్స్‌ఫామ్, అందులో ఆఫ్‌సెట్, అక్కడా ర్యాప్ అరౌండే. కుడి నుంచి బయటికి పోయింది ఎడమ నుంచి లోపలికి వస్తుంది, కిందికి పోయింది పై నుంచి వస్తుంది. బొంగరం చుట్టూ తాడు చుట్టినట్టు. ఒక పువ్వు నాలుగు మూలల్లోనూ పావు పావు ముక్కలైపోయి కనిపిస్తే గాభరా పడకండి, అదే కావాలి. టైళ్ళు పక్కపక్కన పడ్డప్పుడు ఆ నాలుగు పావులూ కలిసి మళ్ళీ ఒక పువ్వు అవుతాయి.

ఆ లేయర్ మోడ్ మల్టిప్లై చేస్తే, నాలుగు పువ్వుల సందుల్లో నాలుగు పువ్వులు. సందు చుక్క పడింది. ఎనిమిది పువ్వులూ ఎనిమిది రకాలు.

గింప్ వాడేవాళ్ళకి ఒక హెచ్చరిక. గింప్‌లో ఆఫ్‌సెట్ కాన్వాస్ కొలతని చూడదు, లేయర్ కొలతని చూస్తుంది. పువ్వు చుట్టూ చిన్న లేయర్ ఉంటే ఆ చిన్న పెట్టెలోనే తిరిగి, పువ్వు అక్కడే ముక్కలవుతుంది. నేను ఒక సాయంత్రమంతా దీనితో కుస్తీ పట్టాను. అందుకే పైన తెల్ల లేయర్‌తో కలపమన్నాను. లేదంటే ముందు లేయర్ మెనూలో లేయర్ టు ఇమేజ్ సైజ్ కొట్టండి.

ఆఫ్‌సెట్ అయ్యాక అంచుల్ని చేత్తో ముట్టుకోకూడదు. అంచు దాటిన పువ్వుని మూవ్ టూల్‌తో రెండు పిక్సెల్స్ జరిపినా అవతలి సగం జరగదు, పువ్వు విరుగుతుంది. అంచు దగ్గర ఏదైనా మార్చాలంటే అన్ని లేయర్లకీ ఒకే కొలతతో ఆఫ్‌సెట్ ఇచ్చి, ఆ చోటుని కాన్వాస్ మధ్యకి తెచ్చుకుని, అక్కడ మార్చి, మళ్ళీ వెనక్కి పంపండి. సందుల్లో చిన్న ఆకులు, చుక్కలు వేసేటప్పుడు కూడా నేను ముందు మధ్యలో వేసి, ఆఫ్‌సెట్ ఇచ్చి, అంచుల్లో ఉన్నవి మధ్యకి వచ్చాక మిగతావి వేస్తాను.

చేత్తో గీసే అలవాటున్న వాళ్ళు కృత (Krita) అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చూడండి. అందులో కీబోర్డు మీద డబ్ల్యూ నొక్కితే టైలు నాలుగు వైపులా పరుచుకుని కనపడుతుంది, అంచు దాటి గీత గీస్తే అవతల నుంచి దానంతట అదే వస్తుంది. ఫొటోషాప్‌లో 2021 వెర్షన్ నుంచి వ్యూ మెనూలో ప్యాటర్న్ ప్రివ్యూ అని ఇలాంటిదే ఉంది. పువ్వు జరుపుతుంటే చుట్టూ ఉన్నవీ జరుగుతాయి. ఇవుంటే ఆఫ్‌సెట్ ఎందుకు అని అడుగుతారు. పరీక్షకి. అది చివర్లో చెబుతాను.

తీగ డిజైన్లు కొంచెం మొండివి. టైలుని రెట్టింపు వెడల్పు చేసి, కుడి సగంలో అదే బొమ్మ పెట్టి, ఆ సగానికి మాత్రం నిలువుగా సగం ఆఫ్‌సెట్ ఇస్తే హాఫ్ డ్రాప్ వస్తుంది. ఇందాక విసిగించిన గింప్ చిన్న లేయర్ సంగతి ఇక్కడ పనికొస్తుంది. కానీ తీగ పక్క టైల్లోకి పాకేదైతే, అతుకు దగ్గర తీగ తెగుతుంది. అక్కడ చేత్తో మళ్ళీ గీయాల్సిందే, దగ్గర దారి లేదు.

నేత ఉంచాలంటే

కాగితానికి చేసేటప్పుడు ఇది. ఖాళీ గుడ్డ ఫొటోలోంచి 2400 చదరం తీసుకుని, అడ్డం 1200, నిలువు 1200 ఆఫ్‌సెట్ ఇవ్వండి. మధ్యలో ప్లస్ గుర్తులా అతుకు కనపడుతుంది. నా మొదటి సంచులకి ఈ ఒక్క పని చేసి ఉంటే ఆ గడి అప్పుడే కనపడేది. దాన్ని క్లోన్ స్టాంపు, హీలింగ్ బ్రష్‌తో (వేరే చోటి బొమ్మని తెచ్చి అద్దే టూల్స్) పూడ్చాలి. మెత్తటి అంచున్న బ్రష్ తీసుకోండి. ఒకే చోట నుంచి మళ్ళీ మళ్ళీ తీయకండి, అదే దారం నాలుగుసార్లు పడి తెలిసిపోతుంది. కాన్వాస్ అంచుకి 50 పిక్సెల్స్ లోపు వెళ్ళకండి, ఇప్పుడు అంచులు సరిగ్గా అతుకుతున్నాయి, బ్రష్ తగిలితే చెడతాయి. ప్లస్ గుర్తు కొనలు అంచుని తాకుతాయి కదా, ఆ నాలుగు చోట్లా వదిలేసి, తర్వాత అడ్డం 600, నిలువు 600 ఆఫ్‌సెట్ ఇచ్చి అవి మధ్యకి వచ్చాక పూడ్చండి.

గింప్‌లో ఫిల్టర్స్, మ్యాప్ కింద టైల్ సీమ్‌లెస్ అని ఒక్క క్లిక్కు ఫిల్టర్ ఉంది. ఇసుక, చేతి కాగితం, గోడ గరుకు లాంటి వాటికి బానే ఉంటుంది. పువ్వుల మీద వాడితే ఒక పువ్వులోంచి ఇంకో పువ్వు దెయ్యంలా తొంగి చూస్తుంది.

దూరం నుంచి చూడటం

అతుకు కనపడకపోతే పని అయిపోయిందనుకునేదాన్ని. రెండో బ్యాచ్ నాన్నకి చూపిస్తే, వసారా చివరన పడక కుర్చీలోంచి లేవకుండానే, "చాలు పడిందమ్మాయ్" అన్నారు. దుక్కి చాలులాగ పూల మధ్య ఒక ఏటవాలు బాట. దగ్గరకొస్తే లేదు, దూరం వెళితే ఉంది. అప్పుడు నేను ఒకే పువ్వు వాడాను. ఆ పువ్వుకి ఒక పక్క రెక్క లేత. ఆ లేత రెక్కలన్నీ వరసకట్టి బాటలా కనపడ్డాయి. ఎనిమిది పువ్వులు అద్దించుకోమన్నది ఇందుకే. లేత రెక్క ఒక పువ్వుకి ఒక్కో చోట ఉంటే బాట పడదు, పైగా చేత్తో అద్దినట్టే ఉంటుంది.

గుడ్డలో ఒక దారపు ముడి, ఒక చిన్న మరక కూడా అంతే. ఒక్కటే ఉంటే మరక, ఎనిమిది అంగుళాలకొకటి వస్తే అది కూడా డిజైన్ అయిపోతుంది, మనకి అక్కర్లేని డిజైన్.

అందుకని టైలు పూర్తయ్యాక కనీసం ఐదు బై ఐదు పరిచి, స్క్రీన్ మీద చిన్నది చేసి, కుర్చీ వెనక్కి జరిపి, కళ్ళు సగం మూసి చూడండి. వీలైతే మామూలు కాగితం మీద ప్రింటు తీసి గోడకి అంటించి, గది అవతల నుంచి చూడండి. ఏదైనా ఒక వస్తువు పదే పదే కన్నుని లాగుతుంటే దాన్ని మార్చాలి.

తర్వాత ఇందాక చెప్పిన పరీక్ష. టైలు కాపీకి ఏదో వంకర లెక్కతో, అడ్డం 730, నిలువు 1110 అలా, ఆఫ్‌సెట్ ఇచ్చి 100 శాతం జూమ్‌లో మొత్తం తిరగండి. తేలిగ్గా ఊహించలేని చోట అతుకు వస్తుంది కాబట్టి కన్ను మోసపోదు. జూమ్ ఖచ్చితంగా 100 ఉండాలి. 33, 66 శాతాల దగ్గర లేని గీతలు కనపడతాయి, స్క్రీన్ చేసే మాయ అది. నాకొచ్చిన చిక్కేమిటంటే, ఆ మాయ గీతలు చూసి చూసి అలవాటుపడి, కవరు మీద నిజం గీత వచ్చినప్పుడు కూడా మాయేలే అనుకుని ఫైలు పంపించేశాను.

పరచడం, పంపడం

సంచి 12 అంగుళాల వెడల్పు. ముందు వెనక కలిపి ఒకే పట్టీగా చుట్టి, ఒక పక్కన కుట్టు వేస్తాం కాబట్టి 24 అంగుళాలు, అంటే సరిగ్గా మూడు టైళ్ళు. కుట్టు దగ్గర పువ్వు సగం, సగం వచ్చి కలుస్తుంది. ఇలా తెగే కొలత ముందే చూసుకోండి. కుట్టుకి అటో అర అంగుళం, ఇటో అర అంగుళం కలిపి 25 అంగుళాలు, ఎత్తు మడతలతో 16. అంటే 7500 బై 4800 పిక్సెల్స్. గుడ్డని అడుగున మడిచి, రెండు పక్కలా కుట్టే సంచులూ ఉంటాయి. వాటిలో వెనక వైపు పువ్వులు తలకిందులవుతాయి. మొక్క, నెమలి లాంటి నిలువు బొమ్మలైతే కుట్టే అక్కని ముందే అడిగి తెలుసుకోండి.

ఫొటోషాప్‌లో టైలుని డిఫైన్ ప్యాటర్న్ చేసి, కొత్త కాన్వాస్‌లో ప్యాటర్న్ ఫిల్ లేయర్ వేసి, స్కేలు 100 దగ్గరే ఉంచండి. గింప్‌లో ఫిల్టర్స్, మ్యాప్ కింద టైల్ అని ఉంటుంది, అందులో 7500, 4800 ఇస్తే పరిచేస్తుంది. టైళ్ళని ఒక్కొక్కటిగా పేజీలో పక్కపక్కన అంటించి పీడీఎఫ్ చేయకండి, మధ్యలో సన్న గీతలు వచ్చే అవకాశం ఉంది. మొత్తం ఒకే బొమ్మగా పంపండి. టైలుని దాచుకునేటప్పుడు జేపెగ్ వద్దు, అది బొమ్మని 8 పిక్సెల్స్ గళ్ళుగా చేసి కుదిస్తుంది, అంచుల దగ్గర మురికి చేరుతుంది. పీఎన్‌జీ గానీ టిఫ్ గానీ. లేయర్లున్న ఫైలు ఎలాగూ విడిగా ఉండాలి.

రంగు గురించి నేను వాదించను. స్క్రీన్ మీద ఎరుపు వేరు, గుడ్డ మీద ఎరుపు వేరు. అర మీటరు శాంపిల్ వేయించుకుని, పగటి వెలుగులో చూసి, అప్పుడే ఆర్డరు ఇవ్వండి. ఆ అర మీటరు డబ్బులు మిగుల్చుకుందామనుకున్న ప్రతిసారీ నేను నష్టపోయాను.

ఇంకో మాట. ఇలా వేసిన గుడ్డని కలంకారీ అని చెప్పి అమ్మకండి. కరక్కాయ నీళ్ళలో తడిపి, ఆరబెట్టి, అద్ది, ఉడకబెట్టి, కాలవలో ఉతికిన గుడ్డకి ఆ పేరు. మన దానికి డిజిటల్ ప్రింటు అని పేరుంది, అదే రాయండి. సంచి లోపల చిన్న లేబుల్ మీద నేను "పెడన అచ్చు బొమ్మ, డిజిటల్ ముద్రణ" అని వేస్తాను. ఆ రెండో మాట తీసేయమని ఇద్దరు అడిగారు, తీయలేదు.

మొన్న దసరాకి వేసిన శాంపిల్ నాన్న ఒళ్ళో పెట్టాను. వేలితో ఒక్కో పువ్వూ తడుముతూ వెళ్ళి ఒకదాని దగ్గర ఆగారు. "ఇది నేను ఆఖర్న అద్దింది కదూ, చెయ్యి వణికింది" అన్నారు. తీసేయమంటారా అని అడిగాను. కాసేపు చూసి, "ఉండనీ గానీ, అంచుకి పంపెయ్" అన్నారు. అంచే లేని టైల్లో అంచు ఎక్కడుందో ఆయనకి ఎలా చెప్పాలో తెలీక, సరే అన్నాను.